ఓపిక లేనిది ఎవరికి?

“ఈ కాలం ఆడపిల్లలకి ఓపిక ఎక్కడిది? రెండు నొప్పులు తగలగానే కోసెయ్యమంటున్నారు.” సీమంతాల్లో, బారసాలల్లో, పెళ్లి భోజనాల పంక్తిలో ఈ మాట అనే పెద్దమ్మలకూ, అవునవునని తలూపే బాబాయిలకూ కొదవ లేదు. టీవీ చర్చల్లో డాక్టర్లు అంటారు, వేదికల మీద నాయకులు అంటారు. ఇన్ని నోళ్లు ఒకే మాట అంటుంటే అది నిజమే అయి ఉంటుందనిపిస్తుంది. కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ వాదనను దాని బలం తగ్గించకుండా చెప్పుకుందాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇంత లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5. ఇంత తేడా ఊరికే రాదు కదా అంటారు. పూర్వం ఆడవాళ్లు రోట్లో దంచేవారు, బావిలో తోడేవారు, నాట్లేసేవారు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని పనిచేస్తున్నారు. పెళ్లిళ్లు ఆలస్యం, బరువు ఎక్కువ, కడుపుతో ఉండగానే షుగర్. దానికితోడు నొప్పంటే భయం, జాతకం బాగుండాలని ముహూర్తం పెట్టించుకునే పిచ్చి. అమ్మమ్మలు పదిమందిని ఇంట్లోనే కన్నారు, మనవరాళ్లు ఒక్కర్ని కనడానికి ఆపరేషన్ థియేటర్ కావాలంటున్నారు. ఇదీ వాదన.

ఇందులో నిజం బొత్తిగా లేకపోలేదు. గర్భిణుల్లో షుగర్ పెరిగింది. తొలిచూలు వయసూ పెరిగింది. నాకు ఆపరేషనే కావాలని ముందే చెప్పే ఆడవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఆ వాదన నిలబడదు. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

1. గేటు మారితే ఓపిక మారుతుందా?

ఆ 60.7 పక్కన అదే పట్టికలో ఇంకో రెండు అంకెలున్నాయి. వేదికల మీద వాటిని ఎవరూ చదవరు. తెలంగాణ ప్రభుత్వాసుపత్రుల్లో సిజేరియన్లు 44.5 శాతం, ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో చూస్తే ప్రభుత్వంలో 26.6, ప్రైవేటులో 63. బీహార్‌లోనైతే ప్రభుత్వంలో 3.6, ప్రైవేటులో 39.6. అంటే పదకొండు రెట్లు.

అదే రాష్ట్రం, అదే తిండి, అదే తరం ఆడవాళ్లు. మరి నర్సింగ్ హోమ్ మెట్లెక్కగానే ఓపిక సగానికి ఎలా పడిపోతోంది?

దీనికో జవాబు తయారుగా ఉంటుంది: ప్రైవేటుకి వెళ్లేవాళ్లు డబ్బున్నవాళ్లు, సుకుమారులు, వాళ్లలోనే బరువూ షుగరూ ఎక్కువ అని. కొంత తేడా ఉంటుంది, కాదనను. కానీ చిక్కు కేసులు ఏ దిక్కుకు ప్రయాణం చేస్తాయో ఈ జవాబు చెప్పేవాళ్లు మర్చిపోతారు. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చినా, రక్తస్రావం ఆగకపోయినా, నెలలు నిండకుండానే ఉమ్మనీరు పోయినా చిన్న నర్సింగ్ హోమ్ వాళ్లు చేతులెత్తేస్తారు. అర్ధరాత్రి 108 ఎక్కించి పంపేది హైదరాబాద్‌లోని గాంధీకి, పేట్లబుర్జుకి, విశాఖ కేజీహెచ్‌కి, గుంటూరు జీజీహెచ్‌కి. జబ్బుల వల్లే కోతలు పెరిగి ఉంటే ఈ పెద్దాసుపత్రుల బరువుతో ప్రభుత్వ లెక్క పైకి పోవాలి, ప్రైవేటు లెక్క కిందికి దిగాలి. జరుగుతున్నది దానికి సరిగ్గా తలకిందులు.

జిల్లాల మధ్య తేడా ఇంకా విచిత్రం. అదే సర్వేలో కరీంనగర్ జిల్లాలో సిజేరియన్లు 80 శాతం దాటాయి. అదే తెలంగాణలో కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో అందులో సగం కూడా లేవు. కరీంనగర్ ఆడవాళ్లు అంత పిరికివాళ్లా? ఆ జిల్లాలో పొలం పని, బీడీల పని చేసుకుని బతికే ఆడవాళ్లను చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. ఎక్కడ నర్సింగ్ హోములు దట్టంగా ఉన్నాయో అక్కడ కోతలు దట్టంగా ఉన్నాయి. ఓపిక సిద్ధాంతం ఈ పటాన్ని వివరించలేదు.

2. నొప్పి భయమే కారణమైతే అడగాల్సింది వేరే

నొప్పి భరించలేనివాళ్లు సహజంగా అడిగేది నొప్పి తగ్గించమని. పొట్ట కోయమని కాదు. నొప్పి తగ్గించడానికి వైద్యంలో మార్గముంది. వెన్నులో సన్నటి గొట్టం పెట్టి మందు ఎక్కించే ఎపిడ్యూరల్. ఫ్రాన్స్‌లో కాన్పుకు వచ్చే ఆడవాళ్లలో 80 శాతం పైచిలుకు దీన్ని తీసుకుంటారు. అంటే మన పెద్దమ్మల కొలత ప్రకారం ఆ దేశంలో ఓపికన్నదే లేదు. అయినా అక్కడ సిజేరియన్లు అయిదుగురిలో ఒకరికే. నొప్పి భరించలేకపోవడం, సిజేరియన్ జరగడం ఒకదాని వెంట ఒకటి వచ్చేవే అయితే ఫ్రాన్స్ తెలంగాణను ఎప్పుడో దాటిపోయేది.

మన దగ్గర జరిగేది ఇది. ఎనిమిది గంటలుగా నొప్పులు పడుతున్న అమ్మాయి “నా వల్ల కాదు, కోసెయ్యండి” అని అరుస్తుంది. ఆ అరుపునే కోరిక కింద రాసుకుంటాం. నొప్పి తగ్గించే మందుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా మన ప్రభుత్వాసుపత్రుల్లో చాలాచోట్ల అది దొరకదు. మత్తు డాక్టరు ఆపరేషన్‌కే సరిపోడు, ఇక నార్మల్ కాన్పుకి ఎవరు పంపుతారు? రెండు తలుపులున్న గదిలో ఒకటి బయట గడియ పెట్టి, రెండో దాంట్లోంచి వచ్చినామెను “ఇదే కావాలని వచ్చింది” అన్నట్టుంది మన తీర్పు.

పైగా సిజేరియన్ నొప్పి లేని దారేమీ కాదు. మత్తు దిగాక కుట్ల నొప్పి, పక్కకు ఒత్తిగిల్లలేకపోవడం, దగ్గొస్తే పొట్ట పట్టుకోవడం, బిడ్డను ఎత్తుకుని పాలివ్వడానికి ఇంకొకరి సాయం. నార్మల్ అయినామె మర్నాడు లేచి తిరుగుతుంటే ఈమె మంచం దిగడానికి తంటాలు పడుతుంది. నొప్పికి భయపడి దీన్ని ఎంచుకుందంటే, దీని సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదని అర్థం.

ఇక లేబర్ రూములో ఏం జరుగుతుందో ఆడవాళ్లందరికీ తెలుసు, పైకి మాట్లాడరు. “కాపురం చేసేటప్పుడు తెలీలేదా?” అన్న మాట వినని తల్లి ఈ రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉందా? అరిస్తే తొడ మీద దెబ్బ. మంచినీళ్లడిగితే కసురు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టేసినట్టు ఎత్తిపెట్టడం, అటూ ఇటూ నడవనివ్వకపోవడం, పొట్ట మీద మోచేత్తో నొక్కడం. తోడుగా వచ్చిన తల్లిని గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపేస్తాడు, భర్త సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రుల లేబర్ రూముల్లోకి ఒక తోడు మనిషిని రానివ్వవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. పక్కన ఒక మనిషి కాన్పు అయ్యేదాకా ఉంటే సిజేరియన్లు తగ్గుతాయని అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. మందు కాదు, మెషీన్ కాదు, చేయి పట్టుకునే మనిషి. ఆ తోడును కూడా ఇవ్వకుండా, ఆ గదికి భయపడిన పిల్లను ఓపిక లేనిదంటున్నాం. ఆ గదికి భయపడటం తెలివున్న లక్షణం.

3. తొందర ఎవరిదంటే

అసలు విషయం ఇక్కడుంది కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

తొలి కాన్పు నిదానంగా జరిగే పని. చురుకైన నొప్పుల దశే 12 గంటల దాకా సాగవచ్చు, ఆ తర్వాత బిడ్డ బయటికి రావడానికి 3 గంటల దాకా పట్టవచ్చు, అది మామూలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భాశయ ముఖం గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదనీ, ఆ ఒక్క కారణంతో జోక్యం చేసుకోవద్దనీ అవే మార్గదర్శకాల్లో ఉంది. ఆ పాత లెక్క 1950లలో ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా డాక్టరు గీసిన గీత నుంచి వచ్చింది. మన లేబర్ రూముల గోడ గడియారం ఇప్పటికీ ఆ గీత ప్రకారమే తిరుగుతోంది.

మరి పదిహేను గంటలు కనిపెట్టుకుని కూర్చునే ఓపిక ఎవరికుంది? ఒక పట్టణంలో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ తీసుకోండి. గైనకాలజిస్టు ఒక్కరే. పొద్దున ఓపీలో అరవై మంది. మత్తు డాక్టరు నాలుగు ఆస్పత్రులకు తిరిగే మనిషి, ఫోన్ చేస్తే వస్తాడు. రాత్రి రెండింటికి బిడ్డ గుండె చప్పుడు తగ్గితే అతను వచ్చేదాకా ఏం చేయాలి? పిల్లల డాక్టరు? రక్తం? అలాంటి చోట సాయంత్రం ఆరింటికే థియేటర్‌కు తీసుకుపోవడం డాక్టరు కోణంలో తెలివైన పనే. అరగంటలో అయిపోతుంది. ఫీజు ఎక్కువ వస్తుంది. నిద్ర దక్కుతుంది. ఏదైనా తేడా జరిగితే “ఆపరేషన్ ఎందుకు చేయలేదు” అని అద్దాలు పగలగొట్టే బంధువులుంటారు. “ఎందుకు చేశారు” అని అడిగినవాళ్లను మాత్రం ఇంతవరకూ చూడలేదు. బీమా సంగతి కూడా అంతే. చాలా కంపెనీల గ్రూప్ పాలసీల్లో నార్మల్‌కు ఒక పరిమితి, సిజేరియన్‌కు దానికన్నా పెద్ద పరిమితి. డాక్టర్లంతా డబ్బు మనుషులని నేననను. కోత వైపు నెట్టే శక్తులు అరడజను ఉన్నాయి, ఆగమని చెప్పేది ఒక్కటీ లేదు. అంతే.

ప్రభుత్వాసుపత్రిలో ఫీజు లేదు కదా, అక్కడ 44.5 ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రైవేటు దోపిడీ అని ఒక్క ముక్కలో తేల్చేసే నా మిత్రులకు అది నచ్చదు. అక్కడ తొందరకు కారణం వేరు. 2017లో ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పయ్యే తల్లుల కోసం కేసీఆర్ కిట్ పథకం వచ్చాక తెలంగాణ సర్కారు దవాఖానలకు గర్భిణుల రాక బాగా పెరిగింది. ఒక నర్సు ఒకేసారి పదిమందిని చూసుకునే లేబర్ రూములో ఒక్కొక్కరి కోసం పదిహేను గంటలు కాచుకోవడం జరిగే పని కాదు. కాచుకునే పని నేర్చిన మనుషులు వేరే ఉండాలి. వాళ్లే మిడ్‌వైఫ్‌లు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 చివర్లో కేంద్రం కూడా ఆ బాట పట్టింది. మంచి పని. కాని అవసరమైన సంఖ్య ముందు అది ఇంకా చిన్న మొదలే.

కోతకు చెప్పే కారణాల జాబితా ప్రతి ఇంటికీ కంఠతా వచ్చు. ఉమ్మనీరు తగ్గింది. మెడకు పేగు చుట్టుకుంది. బిడ్డ పెద్దగా ఉంది. దారి చాలదు. లోపలే మోషన్ పోయింది. వీటిలో ప్రతిదీ కొన్నిసార్లు నిజమైన ప్రమాదమే, కాదనడానికి నేను డాక్టర్ని కాను. కాని పేగు మెడకు చుట్టుకోవడం నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో కనిపించే సంగతి, అదొక్కటే కోతకు కారణం కాదని వైద్య పుస్తకాలే చెబుతాయి. స్కానింగ్ చూసి ఆ మాట అన్నాక, “ఇద్దర్లో ఎవరికేమైనా మా బాధ్యత లేదు” అని ఇంకో వాక్యం చేర్చాక, ఏ కుటుంబం వద్దంటుంది? ఆ క్షణంలో తలూపినదాన్ని ఆమె కోరుకుందని రాయడం మోసం.

ఇంకో సంగతి. తొలి కాన్పులో కోస్తే రెండోదానికీ కోతే అన్నది మన దగ్గర చట్టంలా చలామణి అవుతోంది. 1916లో ఎడ్విన్ క్రేగిన్ అనే అమెరికా డాక్టరు అన్న మాట అది, గర్భసంచిని నిలువుగా కోసే రోజుల్లో. ఇప్పుడు అడ్డకోత. సరైన వసతులున్నచోట, తగిన కేసుల్లో ప్రయత్నిస్తే ఎక్కువమందికి రెండోసారి నార్మల్ అవుతుంది. ఆ వసతి లేక, ఆ ధైర్యం చేసేవాళ్లు లేక రెండో సిజేరియన్ జరుగుతుంది. లెక్కలో మాత్రం అదీ ఆ అమ్మాయి ఓపికలేనితనం కిందే జమ.

4. ముహూర్తం సంగతి

ముహూర్తపు సిజేరియన్లు ఉన్నాయి. సిగ్గుపడాల్సినంత ఉన్నాయి. నక్షత్రం కోసం 37 వారాలకే బిడ్డను బయటికి తీసి, ఊపిరి అందక ఐసీయూలో పెట్టిన కథలు పిల్లల డాక్టర్లను అడగండి. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా కోస్తే బిడ్డకు శ్వాస ఇబ్బందులు పెరుగుతాయన్నది తిరుగులేని వాస్తవం.

అయితే పంచాంగం విప్పేది ఎవరు? పంతులుగారికి ఫోన్ చేసేది మామగారు. అమావాస్య వద్దనేది అత్తగారు. సరే అని థియేటర్ ఖాళీ చూసి చెప్పేది డాక్టరు. తొమ్మిదో నెల కడుపుతో మంచం మీదున్న అమ్మాయికి మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి అని చెబుతారు. అడగరు. పైగా చాలా ఇళ్లలో వరస ఇలా ఉంటుంది: ముందు డాక్టరు ఆపరేషన్ తప్పదంటారు, తర్వాత ఎలాగూ తప్పదు కదా అని వీళ్లు మంచి గంట చూస్తారు. ముహూర్తం కోతకు గంటను నిర్ణయిస్తుంది. కోత నిర్ణయం అంతకుముందే జరిగిపోయింది. ఆ రెంటినీ కలిపి ఆమె నెత్తిన పెట్టకండి.

5. అమ్మమ్మలు కన్నారు, నిజమే

అమ్మమ్మ పదిమందిని ఇంట్లోనే కన్నదని గర్వంగా చెబుతారు. కనకుండానే పోయిన అమ్మమ్మ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పడానికి ఆమెకు మనవలు లేరు. తెలుగిళ్లలో తాతల రెండో పెళ్లిళ్ల చరిత్ర కాస్త తవ్వితే “మొదటావిడ పురిట్లో పోయింది” అన్న వాక్యం ఎన్నిసార్లు తగులుతుందో చూడండి. దేశ ఆరోగ్య పరిస్థితిపై 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక ఆ రోజుల్లో ప్రతి వెయ్యి కాన్పులకూ సుమారు 20 మంది తల్లులు చనిపోతున్నారని, ఏడాదికి అది రెండు లక్షల ప్రాణాలని అంచనా వేసింది. ఇప్పుడు లెక్క లక్షకు. 2018–20లో దేశం మొత్తం మీద లక్ష కాన్పులకు 97, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. వెయ్యికి 20 అంటే లక్షకు 2,000. దాన్నా మనం ఓపిక అని పిలుస్తున్నది?

ఇక్కడ ఎదుటివాళ్లు ప్లేటు ఫిరాయించి, చూశారా, సిజేరియన్ల వల్లే మరణాలు తగ్గాయి, ఇంకెందుకు గోల అనవచ్చు. అవసరమైన కోత ప్రాణం నిలుపుతుంది, సందేహం లేదు. ఒక జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటాక ఇంకా పెంచినంత మాత్రాన తల్లుల మరణాలు, శిశు మరణాలు ఇంకా తగ్గినట్టు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. కేరళను చూడండి. అక్కడ సిజేరియన్లు 38.9 శాతం, అదీ ఎక్కువే, కాని తెలంగాణ కన్నా చాలా తక్కువ. అదే 2018–20 లెక్కలో తల్లుల మరణాలు లక్షకు 19. తెలంగాణలో సగం కూడా కాదు.

6. ఓపిక లెక్క ఒక్క ఆడవాళ్లకేనా?

సిజేరియన్ బల్ల మీద ఇంకో మాట కూడా వినిపిస్తుంది: “ఎలాగూ పొట్ట కోశారు కదా, పిల్లల ఆపరేషన్ కూడా అయిపోనివ్వండి.” ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 69.6 శాతం ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. వాళ్ల భర్తల్లో వేసెక్టమీ చేయించుకున్నవాళ్లు 0.4 శాతం. ఇదీ ఆ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కే.

వేసెక్టమీకి పొట్ట కోయరు. చిన్న మత్తు సూది, కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి. అది అడిగితే ఆరడుగుల మనిషికి నీరసం వస్తుందట, బరువులు ఎత్తలేడట, సంపాదించేవాడు కదా అట. ఆమె కూడా సంపాదిస్తోందని, పైగా నెలల పిల్లను ఎత్తుకుని తిరుగుతోందని గుర్తు చేయకండి, ఇంట్లో గొడవలవుతాయి. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజు క్యాంపులో 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. అప్పుడు ఎవరైనా మగవాళ్ల ఓపిక గురించి చర్చ పెట్టారా?

కత్తి ఎవరి శరీరం మీద పడాలో ఎప్పుడూ ఒకే జవాబు ఉన్న ఇళ్లలో, కత్తికి భయపడే మగవాళ్లూ వాళ్ల తల్లులూ కలిసి ఆడపిల్ల సహనాన్ని తూకం వేస్తున్నారు. ఈ తక్కెడ నాకు అక్కర్లేదు.

7. తప్పుడు నింద, తప్పుడు మందు

ఇదంతా మాటల పట్టింపు కాదు. రోగం ఆడవాళ్ల ఓపికలో ఉందనుకుంటే మందు కూడా అక్కడే వేస్తారు. గర్భిణులకు ఉపన్యాసాలు, పుట్టింటివాళ్లకు కౌన్సెలింగ్, నార్మలే గొప్ప అనే పోస్టర్లు. ప్రభుత్వాలు ఒక అడుగు ముందుకేసి సాధారణ కాన్పులకు టార్గెట్లూ, తెలంగాణ చేసినట్టు సిబ్బందికి నగదు ప్రోత్సాహకాలూ పెడతాయి. లేబర్ రూములో మనుషుల్ని పెంచకుండా, నొప్పికి మందివ్వకుండా, నార్మల్ శాతం మాత్రం పెంచమంటే ఏమవుతుంది? కోయాల్సినామెను కూడా ఆపుతారు.

ఇది ఊహ కాదు. ఇంగ్లండ్‌లో జరిగింది. మోర్‌కాంబ్ బే ఆస్పత్రి మరణాలపై 2015లో వచ్చిన విచారణ నివేదిక, ఎలాగైనా సహజ కాన్పే కావాలన్న పట్టుదల తల్లీబిడ్డల ప్రాణాల మీదికి తెచ్చిందని తేల్చింది. ష్రూస్‌బరీ ఆస్పత్రులపై 2022 మార్చిలో వచ్చిన ఆకెండెన్ నివేదిక ఇంకా ఘోరం. సరైన వైద్యం అంది ఉంటే 201 మంది శిశువులు బతికే అవకాశం ఉండేదన్నది. సిజేరియన్లు తక్కువని ఒకప్పుడు మెచ్చుకోలు అందుకున్న చోటు అది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అక్కడి జాతీయ ఆరోగ్య సేవ, మొత్తం సిజేరియన్ శాతాన్ని ఆస్పత్రుల పనితీరుకు కొలతగా వాడటం ఆపమని చెప్పింది. అన్నీ విన్నాక కూడా నాకు సిజేరియనే కావాలన్న స్త్రీకి అది ఇవ్వాలని అక్కడి మార్గదర్శకాలు 2011 నుంచే చెబుతున్నాయి.

నేను కూడా అదే అంటాను. తెలిసి కోరుకున్న సిజేరియన్ తప్పు కాదు. ఆమె శరీరం, ఆమె ఇష్టం, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. తెలియకుండా, అడగకుండా, బెదిరించి చేసిన నార్మలైనా సిజేరియనైనా తప్పే. సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో ఈ సూత్రాన్నే నిలబెట్టింది. ఆమెను మత్తులో ఉంచి, బయట కూర్చున్న తల్లి సంతకంతో గర్భసంచి తీసేసిన డాక్టరుది తప్పని చెప్పింది. వయసొచ్చి తెలివితో ఉన్న మనిషికి బదులు ఇంకొకరు సమ్మతి ఇవ్వలేరన్నది. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా మన ఆస్పత్రుల్లో ఇంగ్లిషు ఫారం మీద సంతకానికి పిలిచేది “పేషెంటు తాలూకు ఎవరండీ” అనే. భర్త ఊళ్లో లేకపోతే మామగారు, ఆయన లేకపోతే ఆడపడుచు మొగుడు. లోపల ఉన్నామె చదువుకున్నదైనా సరే, ఆమె చేతికి ఆ కాగితం చివరిగా వస్తుంది, వస్తే.

కాబట్టి ఆడవాళ్లకు చెప్పడం ఆపి ఆస్పత్రులను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, ఉర్దూ కావాలన్నవాళ్లకు ఉర్దూలో, నొప్పులు మొదలవకముందే, ఆమె చేతికే. లేబర్ రూములో తోడు మనిషి. ఎపిడ్యూరల్ కనీసం జిల్లా ఆస్పత్రుల్లో. మిడ్‌వైఫ్‌ల పోస్టులు కాగితం మీద కాక డ్యూటీ రోస్టర్‌లో. బీమాలో నార్మల్‌కూ సిజేరియన్‌కూ ఒకే పరిమితి.

ఇక లెక్కలు బయట పెట్టడం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం (సీజీహెచ్‌ఎస్) జాబితాలో ఉన్న ఆస్పత్రులు తమ సిజేరియన్, నార్మల్ కాన్పుల నిష్పత్తిని బోర్డు మీద రాసిపెట్టాలని కేంద్రం 2017లో ఆదేశించింది. ఆ బోర్డు మీ ఊళ్లో ఎక్కడైనా కనబడితే అదృష్టవంతులు. నిజానికి మొత్తం శాతం కూడా చాలదు, పెద్దాసుపత్రికి చిక్కు కేసులు వస్తాయి కాబట్టి దాన్ని చూపి తప్పించుకోవచ్చు. మైకేల్ రాబ్సన్ అనే డాక్టరు 2001లో ప్రతిపాదించిన వర్గీకరణ ఒకటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే వాడమంటోంది. అందులో మొదటి గుంపు చాలు: తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికే ఉంది, నెలలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి. ఇంత సజావుగా గుమ్మం దాటి లోపలికొచ్చిన ఆడవాళ్లలో వందకు ఎందరిని కోసి పంపారు? ప్రతి నర్సింగ్ హోమూ, ప్రతి ఏరియా ఆస్పత్రీ ఆ ఒక్క అంకె నెలనెలా గేటు మీద రాయాలి. దానికి కావాల్సిన వివరాలన్నీ లేబర్ రూమ్ రిజిస్టర్‌లో ఇప్పటికే ఉన్నాయి.